సంక్రాంతి సెలవుల్లో బరంపురం వైపు వస్తున్నారా? అయితే డాల్ఫిన్లు వదిలేసి మంగళజోడికి వెళ్ళండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్ నుంచి మీరిద్దరూ, పదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారు. సంక్రాంతికి నాలుగు రోజుల సెలవు. సొంత కారులో ఒడిశా సరిహద్దుకు వచ్చి చిలికా సరస్సులో డాల్ఫిన్లు, రుషికుల్య తీరంలో తాబేళ్ళు, కొండల మీది దారింగ్‌బాడి, కుదిరితే మహేంద్రగిరి చూడాలి. ప్రకృతికి హాని చెయ్యకూడదు కాబట్టి 'ఎకో' అని పేరున్న రిసార్టు ఏదైనా చెప్పమన్నారు.

నేను ఒడిశాలోని బరంపురం వాణ్ణి. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. చలికాలం వస్తే పిల్లల్ని చిలికాకి తీసుకెళ్ళడం ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ లిస్టులో సగం కొట్టేసి, చిలికా ఉత్తరపు ఒడ్డున పిట్టలకి పేరున్న మంగళజోడి అనే ఊరిని చేర్చాలి. జనవరిలో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి గుంపుగా ఒడ్డుకు రావు. దారింగ్‌బాడి డిసెంబరు, జనవరి సెలవుల్లో జనంతో కిక్కిరిసి ఉంటుంది. చలి, పొగమంచు, కాఫీ తోటలు బాగానే ఉంటాయి గానీ సెలవుల్లో మీరు ఎక్కువగా చూసేది ముందు కారు వెనక అద్దం. పైగా అది కంధమాల్ జిల్లాలో ఉంది. బరంపురం నుంచి ఘాట్ రోడ్డులో పోయి రావడానికే ఒక రోజు పోతుంది. నాలుగు రోజుల్లో నాలుగు చోట్లు తిరిగితే మీరు కాల్చే డీజిల్ ముందు, ఏ ఎకో రిసార్టు సోలార్ దీపాలూ లెక్కలోకి రావు.

కారు కూడా వద్దు. హైదరాబాద్ నుంచి బరంపురం దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు. పండగ రద్దీలో అత్తగారిని అంతసేపు కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఫలక్‌నుమా, కోణార్క్, ఈస్ట్‌కోస్ట్ రైళ్ళు మూడూ ఈ లైన్లోనే వస్తాయి. ఒక్క రాత్రి ప్రయాణం. రైలు దిగాక కారు మాట్లాడుకోండి. ఊరి డ్రైవరుకి దారులు తెలుస్తాయి, ఆ డబ్బు ఊళ్ళో ఉంటుంది.

ఇక చిలికా. దీన్ని ఒకే చెరువు అనుకుంటే ప్లాన్ అక్కడే తప్పుతుంది. పూరీ, ఖుర్దా, గంజాం మూడు జిల్లాల మీద పరుచుకున్న నీళ్ళు ఇవి. వానాకాలంలో పదకొండు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, ఎండాకాలంలో తొమ్మిది వందల దాకా. ఉత్తరాన మహానది పాయల నీళ్ళు వచ్చి పడతాయి కాబట్టి అటు నీరు దాదాపు మంచినీరు. జమ్ము, తుంగ దట్టంగా పెరిగి బాతులకి తిండి, చాటు రెండూ దొరుకుతాయి. తూర్పున సముద్రానికి తెరుచుకునే కాలువ వైపు ఉప్పునీరు. డాల్ఫిన్లు ఎక్కువగా అక్కడే, సాతపడా దగ్గర. దక్షిణాన మా గంజాం జిల్లాలోని రంభ వైపు నీరు లోతు, చుట్టూ కొండలు, మధ్యలో చిన్న దీవులు. అంటే ఏం చూడాలన్నదాన్ని బట్టి ఏ ఒడ్డుకు వెళ్ళాలన్నది తేలుతుంది. ఒక మూల నుంచి ఇంకో మూలకి రోడ్డు మీద సగం రోజు పడుతుంది.

ఈ ఉప్పు, మంచినీళ్ళ పొత్తు ఒకసారి చెడిపోయింది. నదులు తెచ్చిన ఒండ్రుతో సముద్రానికి పోయే కాలువ పూడిపోయింది. ఉప్పునీరు లోపలికి రావడం తగ్గి కలుపు అల్లుకుంది. చేపలు, రొయ్యలు పడిపోయాయి. 1981లో మన దేశం నుంచి ప్రపంచ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకి ఎక్కిన మొదటి రెండు చోట్లలో చిలికా ఒకటి. అలాంటిది 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలోకి దిగింది. 2000 సెప్టెంబరులో ఇసుక దిబ్బను కోసి సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. ఆటుపోట్లు మళ్ళీ ఆడాయి, కలుపు తగ్గింది, రొయ్య వచ్చింది, 2002లో ఆ పట్టిక నుంచి చిలికా పేరు తీసేశారు. పాపకి ఈ కథ రైల్లోనే చెప్పండి. పడవ ఎక్కాక నీళ్ళలో వేలు ముంచి నాలుకకి రాసుకుంటే రంభలో ఒక రుచి, మంగళజోడిలో ఇంకో రుచి ఎందుకో తనకే తెలుస్తుంది.

సాతపడా వద్దని ఎందుకంటున్నానంటే, ఇరావడీ డాల్ఫిన్లు చిలికా మొత్తం మీద నూటయాభై అటూఇటూ ఉంటాయి. ముక్కు పొడవుగా ఉండదు, తల గుండ్రం, ఎగిరి పల్టీలు కొట్టే రకం కాదు. ఊపిరి కోసం వీపు కాస్త పైకి తేలి మునుగుతుంది, అంతే. ఆ ఒక్క క్షణం కోసం సెలవు రోజుల్లో అటు బోలెడన్ని మోటారు పడవలు తిరుగుతాయి. డాల్ఫిన్ దారి వెతుక్కునేది, చేప పట్టేది శబ్దంతోనే. నీళ్ళలో ఇంజన్ల మోత దానికి ఇబ్బంది, ప్రొపెల్లర్ తగిలితే ప్రాణాపాయం. దూరంగా ఇంజన్ ఆపేసి, కదలకుండా, అదే పైకి వచ్చేదాకా కాచుకునే పడవవాళ్ళూ ఉన్నారు. కానీ 'డబ్బిచ్చాం కదా, దగ్గరికి పోనీ' అనే జనం ముందు వాళ్ళు నిలవలేరు. పండగ రోజుల్లో మరీను. ఎప్పటికైనా చూడాల్సిందే అంటే ఫిబ్రవరిలో ఒక మామూలు బుధవారం రండి. రంభ వైపు నుంచి పాలూరు, మాలుద్ మీదుగా జహ్నికుడా దాకా వెళ్ళి అక్కడ ఫెర్రీ ఎక్కితే పూరీ చుట్టు తిరగకుండా సాతపడా చేరతారు. అది మంచి దారి, రెండు పక్కలా నీళ్ళు.

మంగళజోడి మీ నాలుగు రోజుల్లో రెండు రాత్రులు అడుగుతుంది. టాంగీ దగ్గర, చిలికా ఉత్తరపు అంచున ఉన్న ఊరు. మీ రైలు బాలుగావ్‌లో ఆగేదైతే అక్కడే దిగండి, ముందే బరంపురంలో దిగితే అక్కడి నుంచి ఇంకో రెండు గంటలు రోడ్డు మీద ముందుకు పోవాలి. ఒకప్పుడు ఈ ఊళ్ళో చలికాలం వస్తే పిట్టల వేటే బతుకుతెరువు. విషం పెట్టి, వల వేసి పట్టేవాళ్ళు, గుడ్లు కూడా సంతకి పోయేవి. 2000 ప్రాంతంలో ఆ వేటగాళ్ళలోనే కొందరు మహావీర్ పక్షి సురక్షా సమితి పెట్టుకుని కాపలా మొదలుపెట్టారు. ఏ పిట్ట ఎక్కడ దిగుతుందో, ఏ వేళకి ఏం తింటుందో వాళ్ళకంటే తెలిసినవాళ్ళు లేరు కదా. ఆ విద్యతోనే ఇప్పుడు గైడులయ్యారు. నేను జువాలజీ పుస్తకంలో చెప్పేది వాళ్ళు గడ్డి కదలిక చూసి చెబుతారు. ఇందులో నాకు కొంచెం సిగ్గు, ఎక్కువ సంతోషం.

అక్కడి పడవకి ఇంజన్ ఉండదు. అడుగు చదునుగా ఉన్న చెక్క పడవ, వెదురు గడతో నెడతారు. నీరు మోకాలి లోతు, నడుము లోతు, అంతే. తెల్లవారుజామున ఎక్కితే ఎండ ముదిరేలోపు దిగొచ్చు. అత్తగారికి పడవ ఎక్కేటప్పుడు ఒక చెయ్యి, కూర్చోడానికి మెత్తటి దిండు ఉంటే చాలు, నడక పెద్దగా లేదు. పిట్టలు భయం లేకుండా చాలా దగ్గరగా ఉంటాయి. సూదితోక బాతులు, గాడ్వాల్‌లు, వెడల్పు ముక్కు షావలర్లు, గుంపులు గుంపులుగా పొడవు ముక్కు గాడ్‌విట్‌లు, ఎర్ర ముక్కు నీలి స్వాంప్‌హెన్‌లు, నత్తగుల్ల కొంగలు. మన కావ్యాల్లో రాత్రయితే విడిపోయి ఏడ్చే చక్రవాకాలు కూడా ఇక్కడే దొరుకుతాయి. నారింజ రంగు ఒళ్ళు, జంటగానే మేస్తుంటాయి. అత్తగారికి చూపించండి, ఇన్నాళ్ళూ పద్యంలో విన్న పక్షి ఎదురుగా కనిపిస్తే ఆవిడ పాపకంటే ఎక్కువ సంబరపడతారు. తల మీద రెండు నల్ల పట్టెలున్న బార్‌హెడెడ్ గూస్ బాతులు హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చినవి. అవి కనిపిస్తే కాసేపు పడవ ఆపమనండి.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. 'ఎగురుతున్న ఫొటో కావాలి, ఒకసారి లేపండి' అని గైడుని అడగకండి. పెద్ద లెన్సులు తెచ్చేవాళ్ళు ఈ పని చేయిస్తారు, వంద రూపాయలు ఎక్కువిస్తే కాదనడం కష్టం. గాడ్‌విట్ ఇక్కడ మూడు నాలుగు నెలలు తిని ఒళ్ళు చేసి, ఆ కొవ్వుతోనే వేల కిలోమీటర్లు వెనక్కి పోవాలి. రోజుకి పది పడవలు పదిసార్లు లేపితే తిన్నదంతా రెక్కలాడించడానికే ఖర్చు. ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఎరుపు, తెలుపు వద్దు. పాపకి సొంత బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోయినా గైడు దగ్గర ఉంటుంది. పడవలో ఫోను సైలెంట్‌లో పెట్టేయండి. బ్లూటూత్ స్పీకరుతో పడవ ఎక్కేవాళ్ళని చూశాను, వాళ్ళ గురించి ఇంకేం రాయను.

ఊళ్ళోవాళ్ళు నడిపే బసలోనే దిగండి. గదులు సాదాగా ఉంటాయి, వేడినీళ్ళు బకెట్లో వస్తాయి, కూరలో చేప తాజాగా ఉంటుంది. భోజనం ఎన్నింటికో ముందే చెప్పాలి, హోటల్లా అప్పటికప్పుడు రాదు. జనవరిలో ఒక రోజు చిలికా అంతా పక్షుల లెక్కింపు జరుగుతుంది, లెక్క పది లక్షలు దాటుతుంది. ఆ రోజు పర్యాటకుల పడవలు ఆపేస్తారు. తేదీ ఏటా మారుతుంది, బుక్ చేసేటప్పుడే అడగండి.

మీరడిగిన 'ఎకో' రిసార్టు సంగతి. పేరు చూసి ఏమీ తెలియదు. ఏసీ గుడారాలు వేసి, రాత్రి బీచ్ మీద డీజే పెట్టే చోటికి కూడా ఆ పేరే ఉంటుంది. ఫోన్ చేసి మూడు నాలుగు మాటలు అడిగి చూడండి. మురుగునీరు ఎక్కడికి పోతుంది? వంట చేసేవాళ్ళు ఏ ఊరివాళ్ళు? తాగే నీళ్ళు సీసాల్లో ఇస్తారా, కూజాలో పెడతారా? తడబడకుండా చెబితే దిగండి. ఒడిశా అటవీ శాఖ 'ఎకోటూర్ ఒడిశా' పేరుతో నేచర్ క్యాంపులు నడుపుతుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే వండుతారు, గదులు చూసుకుంటారు, ఆదాయం వాళ్ళకి చేరుతుంది. ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు. రంభలో, తప్తపాణిలో పాంథనివాస్ అనే ప్రభుత్వ అతిథిగృహాలు ఉన్నాయి. పెద్దవాళ్ళకి అవి సుఖం. తప్తపాణిలో గంధకపు వేడినీటి బుగ్గ ఉంది, అత్తగారి మోకాళ్ళకి మహిమ చేస్తుందని నేను చెప్పను గానీ హాయిగా ఉంటుంది.

మూడో రోజు నా సలహా గంజాం జిల్లాలోనే ఉన్న అస్కా వైపు. అటు భేటనయి అనే ఊరు, చుట్టుపక్కల బాలిపదర్, బుగుడ. అక్కడ అడవి లేదు, కంచె లేదు, టికెట్టు లేదు. వరి పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతుంటాయి, మన ఆంధ్ర రాష్ట్ర జంతువే. మగది నల్లగా, మెలిపెట్టిన కొమ్ములతో, ఆడది లేత గోధుమ రంగులో. పొలంలో కృష్ణజింక అడుగు పెడితే వానలు పడతాయని, పంట బాగుంటుందని ఇక్కడి రైతుల నమ్మకం. పైరు మేసినా తరమరు. గంజాం జిల్లాలో 2011 లెక్కలో రెండు వేల పైచిలుకు ఉండేవి, 2023 లెక్కలో ఏడు వేలు దాటాయి. దీనికి రిజర్వు అని పేరు పెట్టలేదు, సఫారీ జీపులు లేవు. జింకకి పెట్టింది రైతు నష్టపోయిన వడ్లే.

కాబట్టి ఇక్కడ మీరు ఆ రైతుకి అతిథులు. కారు రోడ్డు మీదే ఆపండి. పొలంలోకి దిగాలంటే గట్టు మీద నడవండి, అదీ ఎవరైనా ఉంటే అడిగి. పొద్దున్నే గానీ సాయంత్రం నాలుగు తర్వాత గానీ వెళ్ళండి. సంక్రాంతికి కోతలు అయిపోయి ఉంటాయి, మోళ్ళలో దూరం నుంచే కనిపిస్తాయి. డ్రోన్ ఎగరేయొద్దు. బెదిరిన జింక గంటకి ఎనభై కిలోమీటర్ల వేగం దాకా అందుకోగలదు, ఆ ఊపులో రోడ్డు మీదికి వస్తే లారీ కింద పడుతుంది. ఊరి కుక్కలు కూడా ఆ గందరగోళం కోసమే చూస్తుంటాయి. ఊళ్ళో టీ తాగండి, కూరగాయలు కొనండి. తిరిగి వచ్చేటప్పుడు బుగుడలో బిరంచి నారాయణ ఆలయం ఉంది, సూర్యుడి గుడి, చెక్క పనితనం, గోడల మీద పాత చిత్రాలు. అత్తగారికి ఆ రోజు అదీ కలిసి వస్తుంది.

తాబేళ్ళ కోసం మళ్ళీ రావాలి. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట పురుణబంధ, గోఖరకుడా, పోడంపేట తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపుగా వస్తాయి. ఏ రాత్రి వస్తాయో ముందు చెప్పలేం, ఒక్కో ఏడాది అసలు రావు. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకి పైగా వచ్చి రికార్డు పెట్టాయి, అంతకు ముందు ఏడాది ఆ గుంపే లేదు. వచ్చిన రాత్రి వందల మంది టార్చిలు, ఫ్లాష్‌లతో దిగితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. అందుకే అటవీ శాఖ ఆ రాత్రుల్లో తీరానికి జనం రాకుండా అడ్డు పెడుతుంది. దాటే దారులు వెతక్కండి. పాపకి చూపించాలంటే గుడ్లు పెట్టిన దాదాపు 45 నుంచి 55 రోజులకి పిల్లలు బయటపడే సమయం, అంటే ఏప్రిల్ అటూఇటూ, మేలు. పిల్లలు వెలుగు ఎటుంటే అటు పోతాయి. సముద్రం మీద మెరిసే ఆకాశం వాటి దారి. వెనక వీధి దీపం గానీ మీ ఫోను గానీ వెలిగితే ఊరి వైపు పాకి, తెల్లారేసరికి కాకులకి చిక్కుతాయి. ఊరి కుర్రాళ్ళు వాటిని బకెట్లలో ఏరి నీళ్ళలో వదులుతుంటారు, అడిగితే పాపని కూడా పక్కన నిలబడనిస్తారు. తాబేలు పిల్లని చేత్తో పట్టుకుని సెల్ఫీ మాత్రం వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు, ముట్టుకుంటే నేరం కూడా.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక సుళువుంది. పోడంపేట, గోపాల్‌పూర్ జాలర్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. పోడంపేట పాత ఊరిని సముద్రం కోసేస్తే వెనక్కి జరిగి కొత్త ఊరు కట్టుకున్నారు. తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ తీరంలో చేపల వేట మీద నిషేధం ఉంటుంది. మనం తాబేలు పిల్లల్ని చూసి మురిసిపోయే నెలల్లో వాళ్ళ వలలకి పని తగ్గుతుంది. ఆ ఊళ్ళో గైడుకి, భోజనానికి ఇచ్చే డబ్బు బేరమాడకండి. కూర్చుని మాట్లాడితే సముద్రం గురించి మీకు ఏ బోర్డు మీదా దొరకని సంగతులు, అదీ తెలుగులో.

మహేంద్రగిరి ఈసారి వద్దు. గజపతి జిల్లాలో 1,501 మీటర్ల కొండ, 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పైన కుంతి, భీమ, యుధిష్ఠిర ఆలయాలు. కొయిన్‌పూర్ మీదుగా రోడ్డు ఉంది గానీ పైన మెట్లూ రాళ్ళూ అత్తగారి మోకాళ్ళకి కష్టం. మీరిద్దరూ వస్తే నవంబరులో రండి. అక్టోబరు తుఫానుల నెల, 2013 ఫైలిన్, 2018 తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. శివరాత్రికి కొండంతా జనమే. ఆ దారిలో సవర ఊళ్ళు తగులుతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పని చేస్తూ నేర్చుకున్న భాష వీళ్ళదే. ఇళ్ళ ముందు కారు ఆపి ఆడవాళ్ళని, పిల్లల్ని ఫొటోలు తీసి చాక్లెట్లు పంచే అలవాటు మన పర్యాటకులకి ఉంది. దయచేసి మానేయండి. రాగులో, చింతపండో, పనసపండో అమ్ముతుంటే కొనండి.

నాలుగో రోజు రంభలో తేలిగ్గా గడపండి. ఒడ్డున కూర్చుంటేనే సాయంత్రం గడిచిపోతుంది. దారిలో ఛత్రపురం దగ్గర తంపరా మంచినీటి సరస్సు, దానికీ 2021లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది, ఓ గంట ఆగొచ్చు. ఆ చుట్టుపక్కల దొడ్ల గట్లన్నీ మొగలి పొదలే. మన దేశంలో మొగలి అత్తరు చాలా వరకు గంజాం జిల్లాదే. వానాకాలంలో వస్తే పూల కాపు కనిపిస్తుంది, జనవరిలో ముళ్ళే ఉంటాయి.

పండగ తేదీల గురించి ఒక హెచ్చరిక. సంక్రాంతికి చిలికా మధ్యలో ఉన్న కాళిజాయి అమ్మవారి దీవిలో మకర మేళా జరుగుతుంది. బార్కుల్, బాలుగావ్ ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం, మోటారు పడవలకి లైన్లు. అత్తగారికి అమ్మవారి దర్శనం కావాలంటే వేరే మాట. లేకపోతే 13, 14, 15 తేదీల్లో బార్కుల్ వైపు తిరగకుండా ప్లాన్ మార్చుకోండి. మీ సెలవు 12న మొదలైతే ముందు మంగళజోడి, 14న అస్కా వైపు, 15న రంభ, అక్కడి నుంచి బరంపురంలో రాత్రి రైలు. రెండు స్టీలు సీసాలు, పాపకి స్వెటరు, అత్తగారికి మఫ్లరు తెచ్చుకోండి. తెల్లవారుజామున పడవలో చలి బాగా కొడుతుంది. మంగళజోడి గది, పడవ నవంబరులోపే బుక్ చెయ్యండి, పండగకి కోల్‌కతా నుంచి కూడా జనం వస్తారు.